పక్కన పెట్టిన ముప్పై ఎనిమిది కణాలు

ఆ పరిశోధనశాలలో అందరూ ఆమెను పిన్ని అనేవారు. ఆమె ఎదురుగా లేనప్పుడు చీకటిగది పిన్ని అనేవారు. మూడో అంతస్తులో నడవా చివర, కిటికీలకు నల్లటి తెరలు కట్టిన చిన్న గదిలో, సూక్ష్మదర్శిని ముందు ఆమె రోజుకు ఐదారు గంటలు కూర్చునేది. బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో ఆమెకు తెలిసేది కాదు. భోజనం వేళకు బయటికి వచ్చి కాసేపు కళ్లు చికిలించుకుని నిలబడేది. ఆ కాసేపట్లో ఎవరైనా పలకరిస్తే గొంతును బట్టి జవాబు చెప్పేది.

ఆమె అక్కడికి వచ్చింది సూక్ష్మదర్శిని కోసం కాదు, గాజుసామాను కడగడానికి. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. సబ్బు జిడ్డు ఇసుమంత మిగిలినా కణాలు చచ్చిపోతాయని మొదటి రోజే ఎవరో బెదిరించారు. ఆ మాట మనసులో నాటుకుపోయి ఒక్కో సీసా పదేసి సార్లు కడిగేది. రెండేళ్లు తిరిగేసరికి ఆమె కడిగిన సీసాల్లో కణాలు ఏపుగా పెరుగుతున్నాయని అందరికీ తెలిసిపోయింది. ఆ సీసాల కోసం పరిశోధకులు కీచులాడుకునేవారు. ఆ తర్వాత ఆమె కణాలను పెంచడం నేర్చుకుంది. ఆ తర్వాత రంగులు వేయడం, అన్నిటికన్నా ఆఖరున చూడడం. మిగతావన్నీ చేతులు నేర్చేసుకుంటాయి గానీ చూడడం మాత్రం ఎన్నాళ్లకీ పూర్తిగా రాదని ఆమె అంటుండేది.

పని చెప్పుకోవడానికి పెద్దదేం కాదు. గోరంత గాజుపలక మీద కణాలను పెంచుతారు. వాటికి వైరస్ తగిలిస్తారు. కొన్ని గంటలయ్యాక మందు పోసి, కణాలను ఎక్కడున్నవి అక్కడ బిగించేస్తారు. ఇక ఆ క్షణం నుంచి వాటిలో ఏదీ కదలదు. వైరస్ తాలూకు ప్రోటీన్‌కు ఆకుపచ్చ రంగు, కణం మధ్యలో ఉండే కేంద్రకానికి నీలం రంగు అంటిస్తారు. ఆకుపచ్చ ఎక్కడుంది, నీలానికి బయటా లోపలా అన్నది పిన్ని చూసి చెప్పాలి. ఒక చేత్తో పలకను జరుపుతూ, రెండో చేత్తో లెక్కమీట నొక్కుతూ వందల కణాలను వరసగా చూసుకుంటూ పోయేది.

కేంద్రకం కణానికి లోపలిగది. కణం ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో చెప్పే రాతంతా ఆ గదిలోనే ఉంటుంది. దాని చుట్టూ ఉన్న పొరకు వేల రంధ్రాలు. చిన్నా చితకా పదార్థాలు ఆ రంధ్రాల్లోంచి వాటంతట అవే దూరిపోతాయి. పెద్ద ప్రోటీన్‌కు ఆ వీలు లేదు. లోపలికి పోవాలంటే దాని ఒంటి మీద ఒక గుర్తు ఉండాలి. ఆ గుర్తును పట్టుకుని లోపలికి మోసుకుపోయే ప్రోటీన్లు కణంలో వేరే ఉన్నాయి. బయటికి రావడానికి ఇంకో గుర్తు కావాలి, మోసుకొచ్చేవీ వేరే.

ఆ శాలను నడిపే ప్రొఫెసర్‌ను అందరూ పెద్దాయన అనేవారు. ఆయన జీవితమంతా ఒకే ఒక జ్వరపు వైరస్ చుట్టూ తిరిగింది. ఆ వైరస్ తన పనంతా కేంద్రకం బయటే చక్కబెట్టుకుంటుంది. దాని మూడో ప్రోటీన్ కేంద్రకంలో అడుగైనా పెట్టదని పద్నాలుగేళ్ల కిందట ఆయన ఒక వ్యాసం రాశాడు. దానికి ఆధారం ఆరువందల కణాల లెక్క. బయట ఆరువందలు, లోపల సున్నా. ఆ లెక్క పెట్టింది పిన్ని. వ్యాసం మంచి పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత ఆ వైరస్ మీద పని మొదలుపెట్టిన ప్రతివారూ ఆ సున్నాను నమ్మే మొదలుపెట్టారు.

పెద్దాయన దగ్గర పనిచేసే పరిశోధకుల్లో ఒకామెకు తొందరమ్మ అని పేరు పడింది. ముప్పై రెండేళ్ల మనిషి, కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగేది. మెట్లు దిగుతూ తినేది, తింటూ ఫోన్లో మాట్లాడేది. చేసే పని మాత్రం శుభ్రంగా ఉండేది. అందుకే పిన్నికి ఆమె అంటే గురి. ఒకరోజు తొందరమ్మ ఉదయం ఏడింటికి కణాలకు వైరస్ తగిలించింది. ఎనిమిది గంటలయ్యాక, అంటే మూడింటికి బిగించాలి. పన్నెండింటికి బడి నుంచి ఫోన్ వచ్చింది, కూతురికి జ్వరమని. ఆమె అప్పటికప్పుడు, ఐదు గంటలకే కణాలన్నిటినీ బిగించేసి, పలకలు పిన్ని బల్ల మీద పెట్టి పరుగెత్తింది.

మర్నాడు వస్తూనే అడిగింది. "ఆ పలకలు పారేశావా పిన్నీ?"

"లేదు. ముందు పాప సంగతి చెప్పు."

"తగ్గింది. నిన్నంతా నన్ను కదలనివ్వలేదు. పారేసెయ్, వేళ తప్పిపోయాయి కదా, ఎందుకూ పనికిరావు."

"రంగు వేసేశాను. చూసి అప్పుడు పారేద్దాం."

తొందరమ్మ భుజాలు ఎగరేసి వెళ్లిపోయింది. పిన్ని తెర వేసుకుని కూర్చుంది. గదిలో ఉన్నది కొత్త సూక్ష్మదర్శిని. కణాన్ని రొట్టెను కోసినట్టు పొరలు పొరలుగా చూపిస్తుంది. పాతవాటిలో రంగు కేంద్రకం లోపల ఉందో, దాని పైభాగాన పరుచుకుని ఉందో తేల్చడం కష్టం. ఇందులో ఆ బాధ లేదు. మొదటి ఇరవై రెండు కణాలు మామూలే, ఆకుపచ్చ అంతా బయటే ఉంది. ఇరవై మూడోది చూసి ఆమె చెయ్యి ఆగింది. నీలం మధ్యలో, నడి పొరలో, పలచగా ఆకుపచ్చ ఉంది. పై పొర చూసింది, కింది పొర చూసింది. రంగు లోపలే ఉంది. వంద కణాలు అయ్యేసరికి అలాంటివి తొమ్మిది తేలాయి.

ఆమె లేచి వెళ్లి తొందరమ్మను పిలుచుకొచ్చింది. తొందరమ్మ కుర్చీలో కూర్చుని చాలాసేపు కదలకుండా చూసింది. ఆమె అంతసేపు ఒకచోట కూర్చోవడం పిన్ని చూడడం అదే మొదటిసారి.

"ఎనిమిది గంటల పలకల్లో ఇలాంటివి ఎప్పుడైనా కనిపించాయా?" అంది తొందరమ్మ.

"వందకు ఒకటి. ఒక్కోసారి అదీ ఉండదు."

"అంటే వెళ్లి వచ్చేస్తోందా? మనం చూసే వేళకు బయటికి వచ్చేసి ఉంటోందా?" తొందరమ్మ లేచి నిలబడింది. "ఇది ఎవరూ చూడలేదు పిన్నీ. ఇంతవరకూ ఎవరూ చూడలేదు."

తొందరమ్మ వెళ్లాక పిన్ని బీరువా తెరిచింది. అడుగు అరలో తన పాత చిత్తు నోటుబుక్కులు ఏళ్ల వారీగా పేర్చి ఉన్నాయి. సాపు చేసిన లెక్కలు ఆఫీసుకు వెళ్లేవి, చిత్తువి ఆమె దగ్గరే ఉండిపోయేవి. పద్నాలుగేళ్ల కిందటిది తీసి, పేజీలు తిప్పి, తనకు కావలసిన చోట ఆగింది. తన చేతిరాతే, కాస్త గుండ్రంగా ఉంది. చూసినవి 638. పాడైనవి 38, వదిలేశాను. మిగిలినవి 600. లోపల 0.

పాడైనవి అని రాసిన చోట, పక్కనే సన్నటి అక్షరాలతో ఇంకో మాట ఉంది. రంగు కేంద్రకం మీద పడ్డవి. ఆ పక్కన ఏవి ఏ గంట పలకలోవో కూడా రాసి పెట్టుకుంది. ముప్పై ఎనిమిదిలో ఇరవై తొమ్మిది ఐదో గంట పలకలోవి.

ఆ రోజు ఆమెకు బాగానే గుర్తుంది. చితికిపోయిన కణాలనూ, ముద్దగా ఒకదాని మీద ఒకటి పడ్డవాటినీ లెక్కలోకి తీసుకోవద్దని నియమం. ఈ ముప్పై ఎనిమిదీ చితికినవి కావు, ముద్దలూ కావు. చూడడానికి మిగతావాటిలాగే ఉన్నాయి, రంగు ఒక్కటే తేడా. రంగు పైన పడిందేమో అనుకుంది. పాత సూక్ష్మదర్శినిలో అలా అనుకోవడం తప్పేమీ కాదు. కానీ ఆమె సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లే. ఆ ప్రోటీన్ లోపలికి పోదని పెద్దాయన రోజూ అంటూనే ఉన్నాడు. ఆయనకు ఏ జవాబు కావాలో ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె కంచం ముందు కూర్చుని తినడం మరిచిపోయింది. భర్త బస్సు డిపోలో బ్రేకులు చూసే మెకానిక్కు. అత్తగారు కుట్టుమిషను మీద నలభై ఏళ్లు సంసారం లాగిన మనిషి. ఇప్పుడు ఆమెకు చూపు ఆనదు గానీ చెవులు మాత్రం పాము చెవులే.

"ఏంటి, ముద్ద గొంతు దిగడం లేదు?" అన్నాడు భర్త.

ఆమె చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"పద్నాలుగేళ్ల కిందటి లెక్క. ఇప్పుడెవరైనా అడిగారా?"

"లేదు."

"నోటుబుక్కు ఎవరైనా చూశారా?"

"లేదు. ఆ పిల్ల కొత్తగా కనిపెట్టానని రాసుకుంటుంది. అది కొత్త కాదండీ. అప్పుడే కనిపించింది. నేనే తీసేశాను."

"చెబితే ఏమవుతుంది?"

"తిడతారు. ఉద్యోగానికే ఎసరు రావచ్చు. ఆయన పేరు కూడా పోతుంది. ఆయనకైతే ఏమీ తెలీదు."

భర్త తన కంచం పక్కకు జరిపాడు. "బ్రేకు చూసి సంతకం పెట్టాక, బండి గేటు దాటాక, ఒక్కోసారి అనుమానం వస్తుంది. అది బిగించానా లేదా అని."

"వస్తే ఏం చేస్తారు?"

"వెనక్కి పిలిపిస్తాను. డ్రైవరు తిడతాడు, ఆఫీసరు తిడతాడు. వందకు తొంభై సార్లు బ్రేకు బానే ఉంటుంది." ఆయన మంచినీళ్లు తాగాడు. "నీది బానే లేదని నీకు తెలుసు కదా."

"ఆ కణాలు ఎంతుంటాయే?" అంది అత్తగారు ఉన్నట్టుండి.

"గుండుసూది తల మీద వేల కణాలు పడతాయి అత్తయ్యా."

"అంత చిన్నవాటికి ఇంత బెంగా," అని ఆమె ఉప్పు అందుకుంది.

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, పిన్ని నోటుబుక్కు తీసుకుని పెద్దాయన గదికి వెళ్లింది. పేజీ తెరిచి ఆయన ముందు పెట్టి నిలబడింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఇరవై తొమ్మిది అన్న అంకె మీద వేలితో గీత గీసినట్టు రుద్దాడు.

"ఇవి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు సార్. అడిగినా చెప్పేదాన్ని కాదేమో. పాడైపోయాయనే అనుకున్నాను."

"అనుకున్నావా, అనుకోవాలనుకున్నావా?"

ఆమె నీళ్లు నమల్లేదు. నిజంగానే ఆలోచించి చెప్పింది. "రెండూ సార్."

ఆయన నోటుబుక్కు మూశాడు. "ఇది ఇక్కడ ఉంచి వెళ్లు," అన్నాడు. గొంతులో కోపం లేదు, అలాగని మెత్తదనమూ లేదు.

మూడు రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు. నడవాలో ఎదురైతే తల ఊపి వెళ్లిపోయేవాడు. శాలలో ఏదో జరిగిందని అందరికీ అర్థమైంది గానీ ఏమిటో ఎవరికీ తెలీదు. నాలుగో రోజు ఆయన పిన్నినీ, తొందరమ్మనూ పిలిచాడు. నోటుబుక్కు సంగతి తొందరమ్మకు తనే చెప్పాడు, పిన్ని ముందే, ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా. తొందరమ్మ మొహం చిన్నబోయింది. పిన్ని వైపు చూడలేదు.

"మొదటిసారి చూసింది నువ్వు కాదు, అంతే," అన్నాడు పెద్దాయన ఆమెతో. "నిరూపించినవారు ఇంకా ఎవరూ లేరు. ఎలా నిరూపిస్తావు?"

తొందరమ్మ అప్పటికే దాని గురించి ఆలోచించి పెట్టుకుంది. కేంద్రకంలోంచి ప్రోటీన్లను బయటికి మోసుకొచ్చేదాన్ని పట్టి ఆపేసే మందు ఒకటి ఉంది. అది వేస్తే లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు. మూడో ప్రోటీన్ నిజంగా వెళ్లి వస్తుంటే, వెళ్లింది వెళ్లినట్టు లోపలే పోగుపడాలి. అసలు వెళ్లకపోతే మందు వేసినా ఏ తేడా రాదు. ఇంకో పలక కూడా పెట్టాలంది. లోపలికి పోవడానికి ప్రోటీన్ ఒంటి మీద ఉందనుకుంటున్న గుర్తును చెరిపేసి, అలాంటి ప్రోటీన్‌తో వైరస్‌ను తయారుచేసి చూడాలి. అప్పుడు మందు ఉన్నా లేకున్నా లోపల ఏమీ కనిపించకూడదు.

పెద్దాయన తల ఊపాడు. "పలకల మీద పేర్లు ఉండకూడదు. అంకెలు వేసి, ఏ అంకె ఏదో రాసిన కాగితం నా సొరుగులో ఉంటుంది. ఇద్దరు విడివిడిగా లెక్కపెడతారు. ఒకరు పిన్ని. రెండోవారిని కింది అంతస్తు నుంచి అడిగి తెప్పిస్తాను." ఆపి, పిన్ని వైపు చూశాడు. "ఏ కణాన్నీ వదిలేది లేదు. అనుమానం ఉంటే అనుమానమని రాయాలి."

గుర్తు చెరిపిన వైరస్ తయారుకావడానికే నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ తొందరమ్మ పిన్నితో పనికి కావలసిన మాటలే మాట్లాడింది. పలకలు ఇచ్చేది, తీసుకునేది. పాప గురించి అడిగితే బాగానే ఉందనేది. పిన్ని దాన్ని పట్టించుకున్నట్టు కనిపించలేదు. ఇంట్లో మాత్రం ఒకసారి భర్తతో, "దానికి కోపం ఉండాల్సిందే," అంది.

లెక్కలు పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం అందరూ సమావేశాల గదిలో కూర్చున్నారు. పెద్దాయన సొరుగులోని కాగితం తెచ్చి, అంకె చదివి, దాని ఎదురుగా ఇద్దరి లెక్కలూ బోర్డు మీద రాస్తూ పోయాడు. మందు లేకుండా ఐదో గంటకు వందకు పిన్ని లెక్క తొమ్మిది, రెండోవారిది పది. మందు లేకుండా ఎనిమిదో గంటకు ఇద్దరిదీ ఒకటి. మందు వేసి ఎనిమిదో గంటకు పిన్ని లెక్క ఎనభై ఒకటి, రెండోవారిది డెబ్బై తొమ్మిది. ఆ పలక పిన్నికి గుర్తుంది. అందులో నీలం కంటికి ఆనలేదు, కేంద్రకాలన్నీ ఆకుపచ్చ దీపాల్లా ఉన్నాయి. గుర్తు చెరిపిన పలకల్లో, మందు వేసినా వేయకపోయినా, ఇద్దరిదీ సున్నా.

పెద్దాయన చేతులకు అంటిన సుద్దపొడి దులుపుకున్నాడు.

"పద్నాలుగేళ్లు నేను తప్పు చెప్పాను," అన్నాడు. అని బోర్డు తుడవకుండానే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. పాత వ్యాసానికి సవరణ పంపుతున్నానని పెద్దాయన ఆఫీసుకు రాశాడు. ఆఫీసు ముగ్గురితో విచారణ సంఘం వేసింది. పిన్నిని రెండుసార్లు పిలిచారు. ఎవరైనా వదిలేయమని చెప్పారా అని అడిగారు. చెప్పలేదంది. ప్రొఫెసర్ ఒత్తిడి చేశారా అని అడిగారు. చేయలేదంది. మరి ఎందుకు వదిలేశారంటే, "సున్నా వస్తే బాగుంటుందనిపించింది," అంది. ఆ మాటను వాళ్లు ఎలా రాసుకోవాలో తెలియక ఇంకోసారి చెప్పించుకున్నారు.

ఆమెకు మెమో వచ్చింది. ఏడాది పాటు ఆమె లెక్కను ఇంకొకరు సరిచూడకుండా ఎవరూ వాడకూడదన్నారు. ఉద్యోగం ఉంది. చిత్తు లెక్కలు సరిగా పరిశీలించలేదని పెద్దాయనకు కూడా ఉత్తరం వచ్చింది. ఆ ఏడాది ఆయనకు దక్కుతుందని అందరూ అనుకున్న ఒక బహుమతి వేరేవారికి వెళ్లింది. దాని మాట ఆయన ఎవరితోనూ ఎత్తలేదు. భోజనాల గదిలో కొన్నాళ్లు ఒక హాస్యం నడిచింది. కూరలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా పిన్ని లెక్క అనేవారు. ఆమె అది ఒకసారి స్వయంగా విన్నది. విని, ఆ ఉప్పు సంగతి ఏమిటో తనూ రుచి చూసింది.

తొందరమ్మ కొత్త వ్యాసం రాసి, చిత్తుప్రతి తెచ్చి పిన్ని బల్ల మీద పెట్టింది. పేర్ల వరసలో మూడోది పిన్నిది.

"ఇది తీసెయ్," అంది పిన్ని. "నవ్వుతారు."

"నేను అదే అన్నాను సార్‌తో. మొదట్లో," అంది తొందరమ్మ, దాపరికం లేకుండా. "ఆయనేమన్నారో తెలుసా? తప్పు లెక్క వ్యాసం చివర నీకు కృతజ్ఞతలు చెప్పారట. సరైన లెక్క దగ్గర నీ పేరు లేకుండా చేస్తే అది రెండో తప్పు లెక్క అన్నారు."

"నువ్వేమనుకుంటున్నావు?"

తొందరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. "నాలుగు నెలలు నీ మీద మండిపోయాను పిన్నీ. నాకు దక్కాల్సింది లాక్కున్నావనిపించింది. తర్వాత ఒకరోజు వేరే ప్రయోగానికి నేనే లెక్క రాస్తూ రాస్తూ ఒక కణం దగ్గర ఆగాను. దాన్ని వదిలేస్తే అంకె గుండ్రంగా వచ్చేది. వదల్లేదనుకో. కానీ చెయ్యి అటు పోయింది." చిత్తుప్రతి వైపు చూసి, "పేరు ఉండనీ," అంది.

పిన్ని చిత్తుప్రతి తీసుకుని, తన పేరులో ఒక అక్షరం తప్పు పడితే పెన్నుతో దిద్ది ఇచ్చింది.

ఆ ప్రోటీన్ లోపలికి ఎందుకు పోతుందో తేలడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. వైరస్ సోకిన కణం పక్క కణాలకు హెచ్చరిక పంపుతుంది. ఆ హెచ్చరికను తయారుచేసే రాత కేంద్రకంలోనే ఉంటుంది. మూడో ప్రోటీన్ తొలి గంటల్లో లోపలికి వెళ్లి ఆ రాత చదవకుండా అడ్డుపడుతుంది, బయటికి వచ్చేసి మళ్లీ తన అసలు పనిలో పడుతుంది. గుర్తు చెరిపిన వైరస్‌లో ఆ ప్రోటీన్ లోపలికి పోలేదు కాబట్టి హెచ్చరిక ఆగలేదు, వైరస్ నీరసించిపోయింది. ఇలాంటి నీరసపు వైరస్ టీకాకు పనికొస్తుందేమోనని వేరే ఊళ్లో ఒక బృందం చూస్తోందని తొందరమ్మ చెప్పింది. పద్నాలుగేళ్ల ముందే చూసి ఉండేవాళ్లేమో అని ఇద్దరికీ అనిపించే ఉంటుంది. ఇద్దరూ అనలేదు.

పెద్దాయన పదవీ విరమణ చేశాడు. వెళ్లే రోజు ఆ చిత్తు నోటుబుక్కు తెచ్చి పిన్నికి ఇచ్చేశాడు. పత్రికలో సవరణ అచ్చయిన పేజీ కూడా దానిలో మడిచి పెట్టాడు. "బీరువాలో ఉండనీ," అన్నాడు. ఆమె అలాగే పెట్టింది.

ఇప్పుడు పిన్నికి యాభై నాలుగేళ్లు. కొత్తగా చేరినవాళ్లకు చూడడం నేర్పే పని ఆమెదే. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, ముందు ఒక గంట ఏమీ లెక్కపెట్టనివ్వకుండా ఊరికే చూడమంటుంది. ఈమధ్య వచ్చిన ఒకామె కుదురుగా గంటసేపు చూసి, పాడైపోయిన కణాన్ని ఎలా గుర్తుపట్టాలి పిన్నీ అని అడిగింది.

"చితికితే తెలుస్తుంది. మిగతావి నాకూ తెలీదు," అంది పిన్ని. "పక్కన ఇంకో వరస గీసుకో. తెలియనివన్నీ అందులో వెయ్యి. ఏ గంటవో కూడా రాయి."

"ఆ వరసలో ఎక్కువైపోతేనో?"

"అయితే అందరికీ చూపిద్దాం. లైటు ఆపు, పదిహేడో పలక పెట్టు."